ప్రదర్శనకు ఒంగోలు గిత్తల తయారీ: మేని సంరక్షణ, తోక కుచ్చు అల్లిక, అలంకరణ హద్దులు

సారాంశం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానాల్లో దుక్కి పశువు అవసరం తగ్గినా, పండుగలు, తిరునాళ్ల సందర్భంగా జరిగే ప్రదర్శనల్లో ఒంగోలు గిత్తకు ఆదరణ తగ్గలేదు. ఏ గిత్త సంతతి నిలవాలన్న నిర్ణయం నేడు చాలావరకు ప్రదర్శన బరిలోనే రూపుదిద్దుకుంటోంది. అందువల్ల పశువును ప్రదర్శనకు తయారుచేసే పద్ధతి జాతి భవిష్యత్తుకు సంబంధించిన అంశంగా మారింది. శిక్షణ, మేపు, చర్మం, గిట్టలు, కొమ్ములు, తోక కుచ్చు సంరక్షణలో పాటించవలసిన పద్ధతులను, అలంకరణ ఏ హద్దు దాటితే జాతి లోపాలను కప్పిపుచ్చే సాధనమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

ప్రత్తిపాడు, పెదనందిపాడు, కాకుమాను, వట్టిచెరుకూరు ప్రాంతాల నల్లరేగడి నేలలు తడిస్తే జిగురుగా మారతాయి, ఎండితే నెర్రెలు విచ్చుతాయి. ఇటువంటి బరువు నేలల్లో నాగలిని, గొర్రును లాగగలిగిన పశువుగా ఒంగోలు ఎద్దు పేరు పొందింది. ట్రాక్టరు వచ్చిన తరువాత చాలా ఇళ్లలో ఎడ్ల కొట్టాలు ఖాళీ అయ్యాయి. అయినా సంక్రాంతి, మహాశివరాత్రి, ఉగాది దినాల్లో గిత్తలను కడిగి, సింగారించి, బరిలోకి నడిపించే ఆచారం మాత్రం కొనసాగుతోంది. బండలాగుడు పోటీలతోపాటు అందాల పోటీలు, జాతి లక్షణాల ప్రదర్శనలు జరుగుతుంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ దంతాలను బట్టి వయోవిభాగాలు నిర్ణయించడం ఈ ప్రాంత రైతులందరికీ తెలిసిన పద్ధతి.

ఇక్కడ పదాల విషయంలో స్పష్టత అవసరం. వయసుకు వస్తున్న మగ పశువు కోడె. పొగరు, బలం గల మగ పశువును గిత్త అంటారు. సంతానోత్పత్తికి వినియోగించేది ఆంబోతు. వృషణాలు నొక్కించి సేద్యానికి వాడేది ఎద్దు. ప్రదర్శనలో బహుమతి పొందిన కోడె రేపు ఆంబోతు కావచ్చు. ఈ వ్యాసానికి ఆధారం ఆ సంభావ్యతే.

ఎంపిక చేతులు మారిన తీరు

ఒంగోలు జాతిని తీర్చిదిద్దినది ఏ ఒక్క సంస్థా కాదు. కుటుంబంలో పెద్దలు గతించినప్పుడు వారి పేరిట కోడెదూడకు అచ్చువేసి దేవునికి విడిచిపెట్టే ఆచారం ఈ ప్రాంతంలో ఉండేది. 'అచ్చోసిన ఆంబోతు' అన్న నానుడి దాని నుంచి పుట్టినదే. నేడు ఆ మాటను నిందగా వాడుతున్నా, ఆ ఆచారం వెనుక గట్టి పశు ప్రజనన నీతి ఉంది. విడిచే దూడ మంచి తల్లికి పుట్టినదై, లోపం లేనిదై ఉండాలి. ఊరి పెద్దలు చూసి ఒప్పుకోవాలి. ఆ ఆంబోతు ఏ చేలో మేసినా అదిలించేవారే గాని కొట్టేవారు కారు. ఊరి ఆవులన్నింటికీ అదే జోడు. కొన్ని తరాలపాటు జాతి నాణ్యతను నిలిపిన ఏర్పాటు ఇది.

ఊరు చేసిన ఈ ఎంపికను నాగలి మరొకసారి పరీక్షించేది. ఆ ఆంబోతుకు పుట్టిన ఎడ్లు నల్లరేగడిలో నిలవలేకపోతే తండ్రి పేరు చెడేది. నేడు ఈ రెండు పరీక్షలూ బలహీనపడ్డాయి. మిగిలినవి లాం పశు పరిశోధన స్థానం, చదలవాడ పశుక్షేత్రం, చింతలదేవి జాతీయ కామధేను ప్రజనన కేంద్రం వంటి సంస్థల్లో జరిగే శాస్త్రీయ ఎంపిక, రైతుల కళ్ల ముందు బరిలో జరిగే ఎంపిక. కృత్రిమ గర్భధారణ వల్ల ఒక్క ఆంబోతు నుంచి ఏడాదికి వేల మోతాదుల వీర్యం సేకరించవచ్చు. కాబట్టి పొరపాటున ఎంపికైన ఒక్క పశువు లోపం ఒక ఊరితో ఆగదు. బరిలో న్యాయనిర్ణేత కంటికి ఏది కనిపించింది, ఏది కనిపించకుండా పోయింది అన్నది ఇంతకుముందెన్నడూ లేనంత ముఖ్యమైనది.

గుర్రపు జూలు చెప్పే పాఠం

ప్రదర్శన పశువు సింగారంలో ఒక సూక్ష్మాన్ని గ్రహించడానికి గుర్రాల ప్రదర్శనలను పరిశీలించడం ఉపయుక్తం. ఐరోపా దేశాల సంప్రదాయంలో వేట గుర్రాలను, స్వారీ విన్యాసాలు చేసే గుర్రాలను బరిలోకి తెచ్చేముందు మెడమీది జూలును చిన్నచిన్న జడలుగా అల్లుతారు. జూలును తడిపి, దువ్వి, సమాన భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని మూడు పాయలుగా అల్లి, చివరను దారంతో కుట్టి, మడిచి ముడిలా నిలుపుతారు. ప్రదర్శన ముగియగానే విప్పివేస్తారు. రాత్రంతా ఉంచితే లాగుడుకు చికాకుపడి గుర్రం మెడను గోడకు రుద్దుకుంటుంది, వెంట్రుకలు తెగిపోతాయి.

ఈ అల్లికకు ప్రయోజనం మెడ వంపును, భుజంతో అది కలిసే తీరును స్పష్టంగా చూపడం. అయితే అదే అల్లిక కంటిని మభ్యపెట్టగలదు కూడా. పొట్టి మెడ గుర్రానికి జడల సంఖ్య పెంచితే మెడ పొడవుగా తోస్తుంది. పొడవు మెడకు జడలు తగ్గిస్తే పొట్టిగా తోస్తుంది. జూలే జాతి లక్షణమైన అరబ్బు గుర్రాలకు, బ్రిటన్ స్థానిక పోనీ జాతులకు జాతి ప్రదర్శనల్లో జడలు వేయరు. జూలును సహజంగా వదిలివేస్తారు. అంటే ఏ అవయవం జాతిని చెబుతుందో దానిని తాకకుండా ఉంచి, ఏది దేహాన్ని కప్పుతుందో దానిని మాత్రమే సర్దడం అక్కడి మర్యాద.

ఒంగోలు గిత్తకు జూలు లేదు. దాని స్థానంలో మూపురం, గంగడోలు, తోక కుచ్చు ఉన్నాయి. సూత్రం మాత్రం ఒక్కటే: సింగారం పశువును చూపాలి, దాచరాదు.

ఏది కనిపించాలి?

తయారీకి ముందు తయారుచేసేవారికి జాతి లక్షణాలు తెలిసి ఉండాలి. ఒంగోలు పశువు దేహవర్ణం తెలుపు. మగ పశువుల్లో తల, మెడ, మూపురం మీద ముదురు బూడిదరంగు ఛాయ, మోకాళ్ల వద్ద, గిట్టల పైభాగంలో నల్లని మచ్చలు ఉండవచ్చు. తెల్లని వెంట్రుకల కింద చర్మం ముదురు రంగులో ఉంటుంది. వెంట్రుకలు ఎండను తిప్పికొట్టగా, ముదురు చర్మం తీక్షణ కిరణాల నుంచి రక్షణనిస్తుంది. ముట్టె, కనురెప్పల వెంట్రుకలు, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉండాలి. కంటి చుట్టూ నల్లని వలయం ఉంటుంది. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా, పక్కలకూ వెనక్కూ పెరుగుతాయి. మూపురం నిటారుగా, ఇరువైపులా నిండుగా ఉండి ఏ పక్కకూ ఒరగరాదు. గంగడోలు మడతలు దేరి విశాలంగా వేలాడాలి.

తెల్లని తోక కుచ్చు, మాంసవర్ణపు ముట్టె, లేతరంగు గిట్టలు, తెల్లని కనురెప్పల వెంట్రుకలు, దేహంపై ఎర్రని మచ్చలు అవాంఛనీయ లక్షణాలుగా పరిగణింపబడతాయి. ఈ జాబితాను విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే రంగు డబ్బా, నూనె సీసా, నల్లని పాలిష్ ఏ అవయవాల వద్దకు చేరుతున్నాయో గమనిస్తే, వాటిలో అధికభాగం ఈ జాబితాలోనివే.

మూడు నెలల ముందు: శిక్షణ, మేపు

ప్రదర్శన తయారీ కడుగుడుతో మొదలు కాదు, నడకతో మొదలవుతుంది. దూడ ప్రాయం నుంచి తలపగ్గానికి అలవాటుపడిన కోడె బరిలో బెదరదు. రోజూ ఉదయం, సాయంత్రం పావుగంట సేపు మనిషి పక్కన సమాన వేగంతో నడిపించాలి. ఆగమన్నచోట నాలుగు కాళ్లపై సమంగా బరువుంచి నిలబడేలా నేర్పాలి. డప్పులు, మైకులు, జనసందోహం ధ్వనులకు క్రమంగా అలవాటు చేయాలి. ముకుతాడును గుంజి నిలబెట్టిన పశువు తల ఎత్తి మెడ బిగిస్తుంది. అప్పుడు మెడ, భుజం, నడుము సహజరేఖ చెడిపోతుంది. తోక మెలిపెట్టడం, ముల్లుకర్రతో పొడవడం వంటి హింస 1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి విరుద్ధం. పైగా అటువంటి పశువు నడకలో భయమే తప్ప బలం కనిపించదు.

మేనిమెరుపు సీసాలో దొరకదు, గాడిలో దొరుకుతుంది. జొన్నచొప్ప, పచ్చిమేత, పిల్లిపెసర, ఉలవలు, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజలవణ మిశ్రమం సమతుల్యంగా అందిన పశువు వెంట్రుకలు చర్మానికి అంటుకొని మెరుస్తాయి. పేగుల్లో పరాన్నజీవులున్న పశువుకు ఎంత నూనె రాసినా వెంట్రుక గరుకుగానే ఉంటుంది. కాబట్టి పేడ పరీక్ష చేయించి, అవసరాన్ని బట్టి నట్టల మందు తాగించాలి.

పత్తి ప్రాంతం కావడం వల్ల మెరుపు కోసం పత్తి గింజలను, పత్తి గింజల చెక్కను అధికంగా మేపే అలవాటు ఇక్కడ ఉంది. వాటిలోని కొవ్వు, మాంసకృత్తులు మేలైనవే. కాని వాటిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. ఎదిగిన పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దానిని కొంతవరకు నిర్వీర్యం చేస్తాయి. మోతాదు మించితే మగ పశువుల్లో శుక్రకణాల నిర్మాణం దెబ్బతిని, చలనశక్తి తగ్గుతుంది. పెద్దపొట్ట ఇంకా వికసించని దూడలకు ప్రమాదం మరింత ఎక్కువ. ప్రదర్శనలో నిగనిగలాడిన గిత్త వీర్య పరీక్షలో విఫలమైతే ఆ మెరుపు వల్ల జాతికి ఒనగూడేది శూన్యం. కనుక మాంసకృత్తుల కోసం పత్తి గింజలపైనే ఆధారపడక, వేరుశనగ చెక్క, ఉలవలతో కలిపి మితంగా మేపాలి. ప్రదర్శన దగ్గరపడిందని దాణా ఒక్కసారిగా పెంచరాదు. పెద్దపొట్టలో ఆమ్లత్వం పెరిగి పశువు మేత మానేస్తుంది. ఏ మార్పునైనా రెండు వారాల వ్యవధిలో క్రమంగా చేయాలి.

పశువులు గుమికూడేచోట గాలికుంటు వ్యాధి వేగంగా వ్యాపిస్తుంది. ప్రదర్శనకు కనీసం మూడు వారాల ముందే టీకా వేయించాలి. గొంతువాపు, జబ్బవాపు, ముద్దచర్మ వ్యాధి టీకాల వివరాలు, చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య నమోదు పత్రంలో ఉండాలి. ఆంబోతులకు బ్రూసెల్లోసిస్ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

నెల ముందు: చర్మం, గిట్టలు, కొమ్ములు

రోజూ ఒకసారి మాలీషు చేయడం స్నానం కంటె శ్రేష్ఠం. మొదట కొబ్బరిపీచుతో మట్టిని, రాలిన వెంట్రుకలను వదిలించి, తరువాత మెత్తని బ్రష్షుతో వెంట్రుక వాలు వెంట దువ్వాలి. దీనివల్ల చర్మంలోని సహజమైన నూనె వెంట్రుక పొడవునా పరచుకుంటుంది. గంగడోలు మడతల్లో, మూపురం మొదట్లో, తొడల లోపలివైపు చెమట, మట్టి పేరుకుంటాయి కాబట్టి అక్కడ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. కుంకుడురసంతో వారానికి ఒక స్నానం చాలు. బట్టల సోడాలు, సబ్బుపొడులు చర్మంలోని నూనెను హరించి పొడిబారుస్తాయి.

గోమార్లు, పేల నివారణలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన హెచ్చరిక ఒకటి చెప్పవలసి ఉంది. పత్తి, మిరప చేలకు వాడగా మిగిలిన పురుగుమందును నీటిలో కలిపి పశువు ఒంటిపై చల్లడం, అదే స్ప్రేయరుతో పశువును కడగడం ప్రాణాపాయం. ఆర్గానోఫాస్ఫేట్ వర్గపు మందులు చర్మం గుండా రక్తంలోకి చేరతాయి. నోటి నుంచి చొంగ, కండరాల వణుకు, కంటిపాప కుంచించుకుపోవడం, ఊపిరాడకపోవడం వాటి విష లక్షణాలు. అటువంటి స్థితిలో పశువైద్యుని తక్షణ చికిత్స తప్ప మార్గం లేదు. పశువులకు ఉద్దేశించిన మందును మాత్రమే, చెప్పిన పలుచనలో, పశువు నాకకుండా చిక్కం కట్టి వాడాలి. అలాగే మిరపకాయలు నింపిన టిక్కీల గోనెపట్టాలను పశువుపై కప్పరాదు. వాటి నేతలో నిలిచిన కారపు ధూళి కంటికి, ముట్టెకు, చర్మానికి మంట కలిగిస్తుంది.

మందు మోతాదుకు పశువు బరువు తెలియాలి. కాటా లేనిచోట టేపుతో అంచనా వేయవచ్చు. మూపురం వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం కొన నుంచి పిరుదు ఎముక కొన వరకు పొడవును అంగుళాల్లో తీసుకోవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. ఉదాహరణకు చుట్టుకొలత 72, పొడవు 60 అంగుళాలైతే బరువు సుమారు 471 కిలోలు. చూపుకు తోచిన బరువును ఈ కొలతతో సరిచూడడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

గిట్టలను ప్రదర్శనకు మూడు, నాలుగు వారాల ముందే చెక్కాలి. చివరి వారంలో చెక్కితే అరికాలు నొచ్చి నడక చెడుతుంది. పెరిగిన అంచును మాత్రమే తీయాలి. గులాబి ఛాయ కనిపించగానే ఆపాలి. వానకాలం రేగడి బురదలో నిలిచిన పశువు గిట్టల సందుల్లో మెత్తబడిన చర్మాన్ని పరీక్షించి, కుళ్లు ఉంటే చికిత్స చేయించిన తరువాతే బరిలోకి తేవాలి.

కొమ్ములను గాజుపెంకుతోనో, చాకుతోనో గీకి సన్నబరచి, నునుపు చేయడం పాత అలవాటు. అది కొమ్మును బలహీనపరుస్తుంది, జాతి లక్షణమైన మొదలు లావును మాయం చేస్తుంది. కొమ్ము మొదట్లో పదేపదే జరిగే రాపిడి, గాయాలు కొమ్ము క్యాన్సర్‌కు దోహదం చేసే అంశాలుగా పశువైద్య శాస్త్రం భావిస్తుంది. తడిగుడ్డతో తుడిచి, కొద్దిపాటి కొబ్బరినూనె అద్దితే చాలు. కనుమనాడు, ఏరువాక పున్నమినాడు కొమ్ములకు రంగులు పూయడం ఆచారం. సీసం కలిసిన రంగులను పశువులు ఒకదానినొకటి నాకినప్పుడు విషం కడుపులోకి చేరుతుంది. కనుక పసుపు, కుంకుమ వంటివాటితో సరిపెట్టడం మేలు.

ముందురోజు: తోక కుచ్చు అల్లిక

గుర్రానికి జూలు ఎంతటిదో గిత్తకు తోక కుచ్చు అంతటిది. కడిగిన కుచ్చు ప్రయాణంలో పేడ, మూత్రం అంటి మళ్లీ మలినం కాకుండా జడగా అల్లడం ఉపయోగకరమైన పద్ధతి. దీనిని ఈ క్రమంలో చేయాలి.

మొదటిది, పశువును గుంజకు కట్టి, వెనుక నేరుగా గాక పక్కగా, తొడకు ఆనుకొని నిలబడాలి. రెండవది, కుచ్చును కుంకుడురసంతో కడిగి, చిక్కులను కొన నుంచి పైకి వేళ్లతో విడదీయాలి. పైనుంచి కిందికి గుంజితే వెంట్రుకలు కుదుళ్లతో ఊడతాయి. మూడవది, పెద్దపళ్ల దువ్వెనతో దువ్వి, కొద్దిగా తడిపి ఉంచాలి. తడి వెంట్రుక జారదు, పాయలు సమంగా వస్తాయి. నాలుగవది, తోక ఎముక ఎక్కడ ముగుస్తుందో వేళ్లతో తడిమి గుర్తించాలి. అల్లికను ఆ ఎముక కొనకు రెండు వేళ్ల దిగువ నుంచి ప్రారంభించాలి. ఐదవది, మూడు సమానమైన పాయలు తీసి, ఒకే బిగువుతో చివరిదాకా అల్లి, మెత్తని నూలుపట్టీతో ముడివేయాలి.

ఈ పద్ధతిలో అత్యంత ప్రధానమైన జాగ్రత్త నాలుగవ అంశంలో ఉంది. కట్టు వెంట్రుకలకే పరిమితం కావాలి. ఎముక ఉన్న భాగం మీద రబ్బరుబ్యాండు గాని, తాడు గాని బిగిస్తే రక్తప్రసరణ ఆగి, తోక కొన చచ్చుబడి తెగిపోవచ్చు. తోక కోల్పోయిన గిత్తకు ఏ బరిలోనూ స్థానం ఉండదు.

తోక పశువుకు ఆభరణం కాక ముందు ఆయుధం. ఈగలను, జోరీగలను తోలుకొనే ముఖ్య సాధనం అదే. కాబట్టి జడను ఒక్క రాత్రికి మించి ఉంచరాదు, పైకి మడిచి కట్టరాదు. బరిలోకి వెళ్లేముందు విప్పి, దువ్వి, సహజంగా వేలాడనివ్వాలి. తోక పొడవు, కుచ్చు నలుపు న్యాయనిర్ణేత చూడవలసిన అంశాలు. అల్లిక వాటిని భద్రపరచడానికే గాని ప్రదర్శించడానికి కాదు.

ప్రదర్శన రోజు: ఆభరణాలు, వాటి హద్దులు

మెడపట్టెడ, మువ్వలు, గంటలు, కాళ్ల గజ్జెలు, కొమ్ముల కుప్పెలు, నుదుటి కుచ్చులు తెలుగు రైతు తన పశువుపై చూపే మమకారానికి చిహ్నాలు. వాటిని నిషేధించాలని ఈ వ్యాసం చెప్పదు. పట్టెడ కింద రెండు వేళ్లు దూరాలి. కుప్పెలు కొమ్ము కొనను నొక్కరాదు. నుదుటి కుచ్చు కంటిలో పడరాదు. ఎండవేళ మందపాటి జరీ దుప్పట్లు కప్పితే చెమట ఆరక పశువు ఒంటివేడి పెరుగుతుంది. ఇవి పశువు సౌఖ్యానికి సంబంధించిన హద్దులు.

మరొక హద్దు నిజాయితీకి సంబంధించినది. వెడల్పాటి పట్టెడ గంగడోలును కప్పుతుంది. పూలదండల గుట్ట మూపురపు ఒరుగును దాస్తుంది. కొమ్ముల రంగు పగుళ్లను, గిట్టల నల్లపాలిష్ లేతరంగును, ముట్టెకు రాసిన మసినూనె మాంసవర్ణపు మచ్చను, జుట్టురంగు తెల్లబడిన తోక కుచ్చును కప్పిపుచ్చుతాయి. ఆ రంగు పది స్నానాలకు పోతుంది. లోపం మాత్రం దూడల్లో తిరిగి కనిపిస్తుంది. ఆ గిత్త వీర్యంతో ఆవును కట్టించుకున్న రైతు మూడేళ్లు దూడను పెంచిన తరువాత గాని తాను నష్టపోయిన సంగతి గ్రహించలేడు. దుక్కి పశువు లేని రోజుల్లో ఒంగోలు ఆవును నమ్ముకొని నిలిచిన కొద్దిమంది రైతులలో ఒకరికి ఇటువంటి అనుభవం ఎదురైతే, ఆ కొట్టం కూడా ఖాళీ కావచ్చు.

బరిలో పరీక్షా క్రమం

దీనికి పరిష్కారం రెండు దశల ప్రదర్శన. మొదటి దశలో పశువు తలపగ్గంతో మాత్రమే, ఏ ఆభరణమూ లేకుండా రావాలి. న్యాయనిర్ణేత ముందుగా దంతాలను చూసి వయోవిభాగాన్ని సరిచూడాలి. తరువాత తడిపిన తెల్లగుడ్డతో ముట్టె, గిట్టలు, తోక కుచ్చు తుడిచి రంగు అంటుతున్నదేమో పరీక్షించాలి. పక్క నుంచి నడుము రేఖను, వెనుక నుంచి కాళ్ల నిలువును, ముందు నుంచి ఛాతీ వెడల్పును పరిశీలించాలి. మూపురాన్ని చేతితో తడిమి నిండుదనం చూడాలి. వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా, సంచిలోకి దిగి ఉన్నాయో పరీక్షించి చుట్టుకొలత నమోదు చేయాలి. చివరగా నడిపించి, వెనుక కాలి అడుగు ముందు కాలి అడుగును అందుకుంటున్నదా అని గమనించాలి. జాతి బహుమతి ఈ దశలోనే నిర్ణయం కావాలి.

రెండవ దశలో సకలాభరణాలతో ఊరేగింపు జరగాలి. సింగారానికి వేరుగా బహుమతి ఇవ్వవచ్చు. అప్పుడు రైతు ముచ్చటా తీరుతుంది, జాతికీ నష్టం వాటిల్లదు.

ఈ పద్ధతి ఒంగోలు జాతికి కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం నుంచి సముద్రాలు దాటి బ్రెజిల్ చేరిన ఈ పశువులు అక్కడ నెల్లూరు పేరు మీదుగా 'నెలోర్' అని ప్రసిద్ధి పొందాయి. 1960 దశకం తొలినాళ్లలో అక్కడికి వెళ్లి జాతిపితగా పేరొందిన ఆంబోతుకు ఒంగోలు సమీపంలోని 'కరవది' గ్రామం పేరే నిలిచింది. ఉబెరాబా నగరంలో ఏటా జరిగే జెబూ పశు ప్రదర్శనలో నెలోర్ గిత్తలు తలపగ్గం తప్ప వేరే అలంకారం లేకుండా బరిలోకి వస్తాయి. వయస్సు, బరువు, వంశావళి వివరాలు పశువు వెంట ఉంటాయి. అక్కడ పశువుకు ఆభరణం దాని నమోదు పత్రమే. మన రైతు మువ్వలపట్టీని వదులుకోనక్కరలేదు. నమోదు పత్రాన్ని దానికి జత చేస్తే చాలు.

ఇంటికి చేరిన తరువాత

ప్రదర్శన నుంచి తిరిగి వచ్చిన పశువును కనీసం మూడు వారాలు మంద నుంచి వేరుగా ఉంచాలి. గాలికుంటు వంటి వ్యాధులు సోకినా లక్షణాలు కొన్ని రోజుల తరువాతే బయటపడతాయి. ఆభరణాలు, తాళ్లు, బ్రష్షులు కడిగి ఎండబెట్టాలి. ఒకరి పశువు బ్రష్షును మరొక పశువుకు వాడితే తామర, గజ్జి వ్యాపిస్తాయి. దాణాను క్రమంగా మామూలు స్థాయికి తగ్గించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

గ్రామాల్లో ప్రదర్శన ఏర్పాటయ్యే సమాచారం అందగానే నిర్వాహకులను కలిసి రెండు దశల పద్ధతిని వివరించాలి. కనుమకు నెల ముందు గిట్టలు చెక్కడం, తోక కుచ్చు అల్లడం, టేపుతో బరువు అంచనా వేయడం పశువుల కొట్టం వద్దనే చేసి చూపాలి. వృద్ధ రైతులకు జాతి లక్షణాలపై ఉన్న పరిజ్ఞానం అపారం. మూపురంపై చేయి వేసి పశువు గుణం చెప్పగల అటువంటివారిని న్యాయనిర్ణేతల పక్కన కూర్చోబెట్టి, వారి మాటలను విద్యార్థులచేత రాయించాలి. లోపం ఉన్న పశువు యజమానిని బరిలో చిన్నబుచ్చకుండా, ఏ కారణంగా వెనుకబడిందో పక్కకు పిలిచి చెప్పాలి. అవమానపడిన రైతు మరుసటి ఏడు రంగు డబ్బా కొంటాడు. కారణం తెలిసిన రైతు మంచి ఆంబోతు కోసం వెదుకుతాడు.

ముగింపు

పూర్వం ఆంబోతును ఊరు ఎంపిక చేసింది, నాగలి పరీక్షించింది. నేడు ఆ రెండింటి భారం ప్రదర్శన బరిపై పడింది. కడిగిన మేను, చెక్కిన గిట్ట, దువ్విన తోక కుచ్చు, బెదురులేని నడక పశువును ఉన్నదున్నట్లు చూపుతాయి. రంగు, మసి, గుట్టగా వేసిన దండలు దానిని దాస్తాయి. మొదటి వర్గానికి శ్రమ కావాలి, రెండవ వర్గానికి డబ్బు చాలు. శ్రమకు మొదటి బహుమతి దక్కేలా ప్రదర్శనలను తీర్చిదిద్దినప్పుడు, ప్రత్తిపాడు రేగడి నేలల్లో మిగిలిన ఒంగోలు కొట్టాలకు రేపటి తరం దూడలు నమ్మకంగా అందుతాయి.